గరళాన్ని ధరించిన మొక్కలు

సారవంతమైన నేలలోనే మొక్క బ్రతుకుతుందని లోకుల విశ్వాసం. ఆ విశ్వాసానికి అపవాదంగా నిలిచిన నేలలు కొన్ని ఉన్నాయి. అవి సర్పెంటైన్ శిలల నుండి ఏర్పడిన నేలలు. భూగర్భంలోని శిలలు నీటితో సంయోగం చెందినప్పుడు సర్పెంటైన్ పుడుతుంది. ఆకుపచ్చని వన్నెతో, మచ్చలతో పాము చర్మాన్ని తలపిస్తుంది కనుక, పాము అనే అర్థంగల లాటిన్ పదం నుండి దానికి ఆ పేరు వచ్చింది.

ఈ నేలల్లో మెగ్నీషియం అధికం, కాల్షియం స్వల్పం. నత్రజని, భాస్వరం, పొటాషియం చాలినంతగా ఉండవు. పైగా నికెల్, క్రోమియం, కోబాల్ట్ వంటి లోహాలు హెచ్చు. అందువల్ల సాధారణ సస్యాలు గిడసబారిపోతాయి. పక్కనే దట్టమైన అడవి ఉన్నా, సర్పెంటైన్ హద్దు దాటగానే పలుచని గడ్డి, పొదలు మాత్రమే కనిపించే చోట్లు అనేకం.

అయినా ఆ శిల నిర్జీవం కాదు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి జీవించే లైకెన్లు రాతినే ఆశ్రయిస్తాయి. వాటికి వేళ్ళు లేవు. కొన్ని లైకెన్లు స్రవించే ఆక్సాలిక్ ఆమ్లం రాతిలోని మెగ్నీషియంతో కలిసి స్ఫటికాలుగా మారుతుంది. ఆ విధంగా రాయి మెల్లమెల్లగా శిథిలమవుతుంది.

మొక్కల కథ మరింత విచిత్రమైనది. ఇటలీ దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త ఆండ్రియా చెసాల్పినో 1583లో ప్రకటించిన గ్రంథంలో, టైబర్ నది ఎగువ లోయలో నల్లరాళ్ళమీద మాత్రమే పెరిగే ఒక మొక్కను పేర్కొన్నాడు. అది పసుపుపచ్చని పూలు పూచే అలిస్సం. ఆ రాళ్ళనే అది ఏల కోరుకొన్నది? సమాధానానికి దారి 365 సంవత్సరాల తరువాత తెరుచుకొన్నది. 1948లో మింగుజ్జీ, వెర్నానో అనే శాస్త్రజ్ఞులు ఆ మొక్కను పరీక్షించి, ఎండిన ఆకుల బరువులో దాదాపు నూటికి ఒక వంతు నికెల్ ఉన్నట్లు కనుగొన్నారు. అన్య వృక్షాలకు విషప్రాయమైన పరిమాణమది.

పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా ద్వీపంలో పెరిగే పిక్నాండ్రా అక్యుమినేటా అనే చెట్టు దీనిని మించినది. దాని బెరడును గాటు పెడితే నీలిఆకుపచ్చ రంగు పాలు కారుతాయి. ఎండిన ఆ పాలలో నాలుగో వంతు నికెలేనని 1976లో వెల్లడైంది. హాలాహలాన్ని మ్రింగక, వెలిగ్రక్కక కంఠంలో నిలుపుకొన్న నీలకంఠుడు ఇక్కడ స్ఫురించక మానడు. ఇటువంటి మొక్కలు కూడా లోహాన్ని సిట్రిక్ ఆమ్లం వంటి సేంద్రియామ్లాలతో బంధించి, ప్రాణక్రియలకు భంగం కలుగకుండా కణాలలోని రిక్తికలలో దాచుకొంటాయి. దాచిన విషం వాటికి రక్షణ కూడా. కాలిఫోర్నియా మొక్క ఒకదానిపై జరిపిన ప్రయోగాలలో, నికెల్ నిండిన ఆకులు తిన్న గొంగళిపురుగులు మరణించాయి.

పురుగుల నుండి కాపాడిన నికెల్ మనిషి నుండి కాపాడలేకపోయింది. న్యూ కాలెడోనియాలో 1864లో నికెల్ ఖనిజం బయల్పడింది. అనంతరం సాగిన తవ్వకాలలో కొండలపై నేల, దానితోపాటు అక్కడి అరుదైన వృక్షజాతుల నివాసాలు తొలగిపోతూ వచ్చాయి. మరొక మార్గమూ లేకపోలేదు. లోహాన్ని కూడబెట్టే మొక్కలను పైరుగా పెంచి, కోసి, కాల్చి, బూడిద నుండి నికెల్ తీసే పద్ధతిని అల్బేనియా, మలేషియా దేశాలలో పరీక్షించారు.

సర్పెంటైన్ నేల రైతుకు పనికిరానిది, గని యజమానికి విలువైనది. అలిస్సానికి మాత్రం అది జన్మభూమి. ఒక నేలను బీడు అని తీర్మానించే ముందు, దానిని ఇల్లుగా చేసుకొన్నవారెవరో విచారించడం వివేకవంతుల లక్షణం.