పాత బారోమీటరు: చదివే పద్ధతి



వాతావరణ పరికరాలను సొంతంగా సేకరించడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1840లో గోడె వెంకట జగ్గారావు గారు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1892లో మరణించే వరకు దానిని నడిపారు. అక్కడ నక్షత్రాలతోబాటు వాతావరణాన్ని కూడా గమనించేవారు.

నేడు పాత ఇత్తడి బారోమీటర్లు కొని గోడకు తగిలించుకొనేవారు ఉన్నారు. చదవడం తెలిస్తే అవి పాడి రైతుకు పనికివస్తాయి.

పనిచేసే తీరు: లోపల గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బీ ఉంటుంది. బయటి గాలి భారం పెరిగితే అది నొక్కుకుపోతుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ కదలికను ముల్లు చూపుతుంది.

పలకపై మాటలు: 'వాన', 'మార్పు', 'నిర్మలం' అని ఇంగ్లీషులో ఉండే మాటలు ఐరోపా వాతావరణానికి వ్రాసినవి. వాటిని నమ్మవద్దు. మన తీరంలో భారం రోజూ ఉదయం, రాత్రి 10 గంటల ప్రాంతంలో పెరిగి, సాయంత్రం, తెల్లవారుజాము 4 గంటల ప్రాంతంలో తగ్గుతుంది. కనుక సాయంత్రం ముల్లు కాస్త దిగితే కంగారు పడనక్కరలేదు. నిన్న అదే వేళకు ఎంత ఉన్నదో పోల్చాలి. రెండు పూటలా పాల కేంద్రానికి బయలుదేరే ముందు చూసి పుస్తకంలో వ్రాసుకోండి.

సరిచేయుట: వెనుక చిన్న మర ఉంటుంది. నిర్మలమైన రోజున, వాతావరణ శాఖ విశాఖకు ప్రకటించిన సముద్రమట్టపు భారానికి అదే వేళకు ముల్లును త్రిప్పండి. పలకపై అంగుళాలుంటే ఒక అంగుళానికి సుమారు 34 మిల్లీబార్లు.

తుఫాను కాలం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు దాని కేంద్రంలో భారం సుమారు 950 మిల్లీబార్లు. నిన్నటి అదే వేళ కంటే 4, 5 మిల్లీబార్లు తగ్గితే వెంటనే వాతావరణ శాఖ హెచ్చరికలు తెలుసుకోండి. ముల్లు కదలలేదని ఆ హెచ్చరికను త్రోసిపుచ్చరాదు. పశువులను రేకుల పాకలోను, చెట్ల క్రిందను కట్టి ఉంచరాదు. మేతను తడవని ఎత్తైన చోట భద్రపరచండి.

జాగ్రత్త: కొన్ని పాత పరికరాలలో పాదరసం ఉంటుంది. దాని ఆవిరి విషం. అటువంటివి పశువుల పాకలోను, పాల క్యాన్ల దగ్గరను ఉంచరాదు. పగిలితే చీపురుతో ఊడ్వరాదు.

బారోమీటరు కొనేవారు దానితోపాటు ఒక నోటుపుస్తకం కూడా కొనండి. లెక్క వ్రాయనిదే ముల్లు చెప్పేది అర్థం కాదు.