గుమ్మం మీద స్వస్తిక్, గోడ మీద నాజీ గుర్తు: కాలిఫోర్నియా చట్టం ఏమంటుంది?

ద్వేష చిహ్నాలతో ఎదుటివారిని బెదిరించడం కాలిఫోర్నియాలో ఎప్పటినుంచో నేరమే. ఆ నిబంధనను (పీనల్ కోడ్ 11411) ఏబీ 2282 అనే బిల్లుతో సవరించారు. సవరణ 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకూ, పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకూ వచ్చే సందేహాలు ఇవి.

గృహప్రవేశానికి గుమ్మం మీద స్వస్తిక్ వేసుకోవచ్చా?

నిక్షేపంగా వేసుకోవచ్చు. కొత్త కారుకు పూజ చేయించి కుంకుమతో వేసినా ఇబ్బంది లేదు. నాజీల గుర్తును ‘హాకెన్‌క్రాయిట్స్’ అనే జర్మన్ పేరుతో ప్రస్తావించి, హిందువులు, బౌద్ధులు, జైనులు పవిత్రంగా భావించే స్వస్తిక్ వేరని సవరణలోనే రాశారు. బడిలోనో ఆఫీసులోనో ఎవరైనా ప్రశ్నిస్తే ఆ మాట చూపించవచ్చు.

మరి ఏది నేరం?

పరాయివాళ్ల స్థలంలో, వాళ్ల అనుమతి లేకుండా, వాళ్లను హడలగొట్టాలని నాజీ గుర్తు గీయడం, ఉరితాడు వేలాడదీయడం, శిలువను తగలబెట్టడం. శిలువే కాదు, మరే మతచిహ్నాన్ని ఈ ఉద్దేశంతో తగలబెట్టినా నేరమే. సగటు మనిషి తన భద్రతకు ముప్పుందని భయపడేలా చేయడాన్నే చట్టం హడలగొట్టడం అంటుంది. పాత చట్టంలో ఒక్కో చిహ్నానికి ఒక్కో రకం స్థలం వర్తించేది. ఇప్పుడు మూడింటికీ బడులు, కాలేజీలు, పార్కులు, ప్రార్థనా స్థలాలు, శ్మశానాలు, పనిచేసే చోట్లు వర్తిస్తాయి.

తాడు వేలాడదీసినా నేరమేనా?

మనకు అది తాడే. అమెరికాలో నల్లజాతివారికి మాత్రం, విచారణ లేకుండా గుంపులు చెట్లకు ఉరితీసిన తమ పూర్వీకుల జ్ఞాపకం. టస్కెగీ సంస్థ లెక్క ప్రకారం 1882 నుంచి 1968 వరకు అలా మూకల చేతిలో చనిపోయిన నల్లవారు 3,446 మంది. ఆఫీసులో నల్లజాతి సహోద్యోగి కుర్చీకి ఉరితాడు కట్టి పెడితే ‘నీకూ అదే గతి’ అన్నట్టే.

మా అబ్బాయి స్నేహితులతో కలిసి సరదాకి నాజీ గుర్తు గీస్తే?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. భయపెట్టాలన్న కోరిక లేకపోయినా, ఎదుటివాళ్లు హడలిపోతారని తెలిసీ లెక్కచేయకపోవడం కూడా నేరం కిందికి రావచ్చు. మన ఇళ్లలో ఈ చరిత్ర పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. బడి చెబుతుందిలే అనుకోకుండా మీరే చెప్పండి.

ఎదురింటాయన తన ఇంటి మీదే నాజీ జెండా ఎగరేస్తే?

చూడలేం, కానీ అంతమాత్రాన ఈ సెక్షన్ కింద కేసు కాదు. ఎంత అసహ్యమైన అభిప్రాయమైనా చెప్పుకునే హక్కును అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ కాపాడుతుంది. 2003లో ‘వర్జీనియా వర్సెస్ బ్లాక్’ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది: బెదిరించే ఉద్దేశంతో శిలువను కాల్చడాన్ని రాష్ట్రాలు నిషేధించవచ్చు, కాల్చినంత మాత్రాన ఆ ఉద్దేశం ఉన్నట్టే అనుకోకూడదు. పొలం యజమాని అనుమతితో జరిగిన కు క్లక్స్ క్లాన్ (శ్వేతజాతి దురహంకార ముఠా) సభలో శిలువ కాల్చిన వ్యక్తి శిక్ష నిలవలేదు. జర్మనీ దారి వేరు. అక్కడ నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడమే నేరం, బోధన, కళ వంటి మినహాయింపులు తప్ప.

శిక్ష ఎంత?

మూడేళ్ల దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే జరిమానా 15,000 దాకా వెళ్తుంది.

మన స్వస్తిక్ చూసి యూదు పొరుగాయన కలవరపడితే?

చట్టం మీ పక్షాన ఉందని వాదనకు దిగకండి. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపారు. ఆయన కుటుంబంలోనే ఎవరో పోయి ఉండవచ్చు. ఇంట్లోకి పిలిచి, పూజగది చూపించి, మనకది ఏమిటో చెప్పండి. చెరిపేయాల్సిన పని లేదు.

మా ఇంటి మీదో గుడి మీదో ఎవరైనా నాజీ గుర్తు గీస్తే?

కడిగేయకండి. ముందు ఫొటోలు తీయండి, కెమెరా రికార్డింగు దాచండి. ప్రమాదం ఉందనిపిస్తే 911కి, లేకపోతే స్థానిక పోలీసుల మామూలు నంబరుకు ఫోన్ చేయండి. పోలీసులంటే బెరుకైతే రాష్ట్ర పౌరహక్కుల శాఖ 2023లో మొదలుపెట్టిన ‘సీఏ వర్సెస్ హేట్’ లైన్ ఉంది: 833-866-4283. పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు, దుబాసీని అడగవచ్చు.