బొగ్గుల మంటయొద్ద రెండవసారి

పఠనభాగము: యోహాను 21:9–19

దేవుడు క్షమించెనని నోటితో ఒప్పుకొని, రాత్రివేళ పడకమీద తనకు తానే న్యాయాధిపతియై మరల శిక్ష విధించుకొను విశ్వాసులు మన సంఘములలో అనేకులు కలరు. ఇట్టి ఆత్మనింద భక్తికి గుర్తని కొందరు తలంతురు. లేఖనము అట్లు బోధించుట లేదు.

దుఃఖము రెండు విధములని పౌలు 2 కొరింథీయులకు 7:10లో చూపెను. ఒకటి మనుష్యుని దేవునితట్టు త్రిప్పును. మరియొకటి మరణమునకు నడుపును. మనము మారుమనస్సు అనుదానికి గ్రీకు మూలములో ‘మెటనోయియ’ అను పదమున్నది. మనస్సు మారి క్రొత్త త్రోవ పట్టుట దాని భావము. మత్తయి 27:3లో యూదా ఇస్కరియోతును గూర్చి వాడబడిన క్రియ వేరు. జరిగినదానికి వగచుట దాని భావము. యూదా వగచెను, నాణెములు తిరిగి తెచ్చెను, పాపమును ఒప్పుకొనెను కూడ. అయితే అతడు ఎవరియొద్ద ఒప్పుకొనెనో గమనించుడి. ఆ సంగతితో తమకు పనిలేదని యాజకులు అతనిని త్రోసివేసిరి. అతని భారమును పంచుకొనువాడు ఒక్కడును లేకపోయెను.

పేతురును మిక్కిలి ఏడ్చెను. అయితే ప్రభువు అతనిని ఒంటరిగా విడువలేదు. పేతురు ప్రభువును ఎరుగనని బొంకినది బొగ్గుల మంటయొద్ద (యోహాను 18:18). పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున సిద్ధపరచినదియు బొగ్గుల మంటయే (21:9). గ్రీకు నూతన నిబంధనలో ఆ పదము ఈ రెండు చోట్ల మాత్రమే కనబడును. గాయపడిన స్థలమునకే ప్రభువు అతనిని మరల తెచ్చెను. ముందుగా భోజనము పెట్టెను. ఎందుకు బొంకితివని అడుగలేదు. ప్రేమించుచున్నావా అని ముమ్మారు అడిగెను, ముమ్మారు పని అప్పగించెను. పేతురు నొచ్చుకొనెను, గాని త్రోసివేయబడలేదు.

నేటి మానసిక చికిత్సలో జరుగునది దీనికి దూరము కాదు. నమ్మదగిన ఒకని యెదుట, తొందర లేకుండ, నొప్పి కలిగిన స్థలమునకు తిరిగి వెళ్లుదుము. 1960లలో ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుడు రూపొందించిన పద్ధతిలో, మనస్సున తానుగా లేచు తలంపును పట్టుకొని, దానికి ఆధారమేమని పరీక్షింతురు. “నా బిడ్డ మరణమునకు నేనే కారణము” అని ఏండ్ల తరబడి కుములు తల్లిని, ఆ దినమున ఆమె ఎరిగినదేమి, ఆ తరువాత తెలిసికొనినదేమి అని అడుగుదురు. అప్పుడు ఆమెది కాని భారము విడిపోవును. నిజముగా తప్పు జరిగియున్నచో “నేను తప్పు చేసితిని” అని ఒప్పుకొని నేర్చుకొనవచ్చును. “నేను పనికిరానిదానను” అను తీర్పునుండి నేర్చుకొనదగినది ఏమియు లేదు.

కావున ప్రియ చదువరీ, వైద్యుని లేక సలహాదారుని ఆశ్రయించుట అవిశ్వాసము కాదు. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416కు ఫోను చేసి ఉచితముగా పొందవచ్చును. భారముతో నీయొద్దకు వచ్చువానికి నీవు యూదాను త్రోసివేసిన యాజకునివలె ఉండకుము; మంట వేసి, రొట్టె ఉంచి, కూర్చుండి వినుము.

ధ్యానమునకు: నేను మోయుచున్న నిందలో నా తప్పు ఎంత? నాది కానిది ఎంత?

ప్రార్థన: ప్రభువా, నీవు కొట్టివేసిన తీర్పును నేను మరల వ్రాయకుండునట్లు కాపాడుము. నా తప్పునుండి నేర్చుకొని, నీవు అప్పగించు పనికి లేచు కృపనిమ్ము. ఆమేన్.