కలల వాహనశాల

పాఠ్యభాగ ఉద్దేశం: అనుకోకుండా చేతికందిన సంపదను వివేకంతో వినియోగించుకోవలసిన అవసరాన్ని, ఒక రాజవంశపు వాహనశాల చరిత్ర ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుని కోరికలకు హద్దులు లేవు. ఒక్కసారిగా కోట్ల రూపాయలు కలిసివస్తే ఏమి చేస్తావని ఏ యువకుణ్ణి అడిగినా, అతని సమాధానంలో కార్ల ప్రస్తావన తరచుగా వినిపిస్తుంది. వేగానికి ఒకటి, దర్జాకు ఒకటి, కొండదారులకు మరొకటి. ఇలా ఊహలోనే ఒక వాహనశాల వెలుస్తుంది. ఊహలోని కారుకు పెట్రోలు అక్కరలేదు. అది ఎన్నడూ చెడిపోదు. అటువంటి కల నిజమైతే ఏమి జరుగుతుందో హైదరాబాదు పాతబస్తీ చరిత్ర చెబుతుంది.

పాతబస్తీ తూర్పు భాగంలో యాకుత్‌పురా ఉన్నది. ఉర్దూలో ‘యాకూత్’ అంటే కెంపు. సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమాకు పోయే రైలుమార్గంలో ఈ పేటకు ఒక స్టేషను ఉన్నది. అక్కడ దిగి పడమటి దిక్కుగా, చార్మినారును దాటి ముందుకు సాగితే చౌమహల్లా ప్యాలెస్ కనిపిస్తుంది. ఇది అసఫ్‌జాహీ ప్రభువుల కొలువు సాగిన భవన సముదాయం. సందర్శకులను అక్కడ ఆకర్షించే వస్తువులలో పసుపుపచ్చని పాతకాలపు కారు ఒకటి.

అది 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. దానిని తయారు చేయవలసిందిగా ఇంగ్లండుకు కబురు పంపినవాడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. వెనుక ఆసనాన్ని సింహాసనాన్ని తలపించేటట్లు తీర్చిదిద్దారు. కాని కారు చేతికి అందకముందే, 1911 ఆగస్టులో ఆయన మరణించాడు. కోరుకున్నవాడు ఎక్కని ఆ వాహనం ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. 1947 నాటికి అది తిరిగిన దూరం కేవలం 356 మైళ్లు. అంటే సగటున ఏడాదికి పది మైళ్లు మాత్రమే!

ఏడవ నిజామైన ఉస్మాన్ అలీఖాన్‌ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంతో ప్రకటించింది. అయినప్పటికీ వ్యక్తిగత జీవితంలో ఆయన పొదుపరితనానికి పేరు పొందాడు. 1967 ఫిబ్రవరి 24న ఆయన మరణించగా, మనుమడు ముకర్రం జా వారసుడైనాడు. ముప్పై మూడేళ్ల వయస్సులో ఆయనకు అంతులేని ఆస్తి లభించింది. దానితోపాటు బాధ్యతలు కూడా వచ్చాయి.

ఆ వారసత్వంలో సుమారు 60 కార్లు ఉన్నాయి. పెట్రోలుకు, విడిభాగాలకు ఏటా 45 వేల పౌండ్లు ఖర్చవుతూ ఉండేవని, వాటిలో నడిచేవి నాలుగే అని చరిత్ర రచయిత విలియం డాల్రింపుల్ పేర్కొన్నాడు. లెక్కిస్తే, నడిచే కారు ఒక్కొక్కదానికి 11,250 పౌండ్లు పడినట్లు! పట్టాభిషేకం ముగించుకొని కొత్త నిజాం తిరిగి వెళ్లవలసిన కారు కూడా దారిలోనే ఆగిపోయిందట.

ఇన్ని కార్లు ఎందుకు మూలపడ్డాయి? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలంటారు. కదలక నిలిచిన యంత్రం సంగతి కూడా అంతే. వాడని బ్యాటరీ క్రమంగా శక్తిని కోల్పోతుంది. నెలల తరబడి ఒకే చోట భారాన్ని మోసిన టైరు ఆకారం చెడుతుంది. నిలువ ఉన్న పెట్రోలు జిగురుగా మారి గొట్టాలను మూసివేస్తుంది. ఇంజను లోపలి నూనె కిందికి జారిపోగా, గాలిలోని తేమ లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. కారు ధర ఒక్కసారి చెల్లించేది. దాని పోషణ ప్రతి ఏటా చెల్లించవలసినది.

ఇందులో మరొక విశేషం ఉన్నది. ముకర్రం జా యంత్రాలను ద్వేషించినవాడు కాడు. వాటిపై ఆయనకు ఎనలేని మక్కువ. దావాలతో, కుటుంబ కలహాలతో విసిగి 1970 దశకంలో ఆయన ఆస్ట్రేలియాలోని గొర్రెల క్షేత్రానికి తరలిపోయాడు. అక్కడ పనివాని దుస్తులు ధరించి, కార్లను స్వయంగా బాగుచేస్తూ, బుల్డోజర్లు నడుపుతూ కాలం గడిపాడు. అరవై కార్లు ఇవ్వలేని తృప్తిని ఆయన తన చేతులతో చేసిన పనిలో వెతుక్కున్నాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించిన ఆయనను హైదరాబాదు మక్కామసీదులో ఖననం చేశారు.

శిథిలమవుతున్న చౌమహల్లాను ఆయన మొదటి భార్య ఎస్రా పూనుకొని పునరుద్ధరింపజేసింది. 2005లో అది ప్రజల సందర్శనకు తెరువబడినది. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించినది. ఒకప్పుడు రాజు ఒక్కడి కోసం తయారైన పసుపుపచ్చని కారును నేడు యాకుత్‌పురా బాలుడు కూడా టిక్కెట్టు కొని చూడగలుగుతున్నాడు.

పొలం అమ్మకం వలన గాని, వారసత్వం వలన గాని నేడు సామాన్య కుటుంబాలకు సైతం ఒక్కసారిగా పైకం రావచ్చు. అప్పుడు కారు కోరుకోవడం తప్పు కాదు. ఎన్ని కొనగలమని కాక, ఎన్నింటిని నడపగలమని ఆలోచించడం వివేకం. నిత్యావసరానికి ఒకటి, మనసుకు నచ్చినది మరొకటి ఉండి, రెండింటినీ చక్కగా పోషించగలిగితే, అది అరవై కార్ల శాల కంటె గొప్పది. కదిలే బండియే కారు. కదలనిది కేవలం భారం.

అర్థాలు
మక్కువ = ఇష్టం
దావా = న్యాయస్థానంలో వ్యాజ్యం
శిథిలమగు = పాడుపడు
దర్జా = హోదా, ఠీవి

ప్రశ్నలు
1. సిల్వర్ ఘోస్ట్ కారు చరిత్రను వివరించండి.
2. వాడకుండా ఉంచిన కారు ఎందువలన చెడిపోతుంది?
3. ముకర్రం జా జీవితం నుండి గ్రహించవలసిన నీతి ఏమి?
4. మీ కుటుంబానికి అనుకోని ధనం లభిస్తే దానిని ఎలా వినియోగిస్తారు? సకారణంగా రాయండి.