గుహుని స్వల్పోపకారము

ఉపకారమనగానే మన మనస్సునకు సత్రములు, చెఱువులు, సంతర్పణలు స్ఫురించును. అవి సంపన్నులు చేయదగినవి. వానిని చూచి సామాన్య గృహస్థుడు "నావంటివాడు చేయగల కైంకర్యమేమున్నది?" అని నిట్టూర్చుట కలదు. ఈ నిట్టూర్పునకు శ్రీమద్రామాయణమునందే సమాధానమున్నది.

అయోధ్యాకాండ ప్రథమసర్గమున వాల్మీకి మహర్షి శ్రీరాముని గుణములను వర్ణించుచు, తనకెవరైన ఎట్లో ఒక్క ఉపకారము చేసినను ఆయన దానితోనే సంతుష్టుడగునని చెప్పినాడు. ఇతరులు నూఱు అపకారములు చేసినను వానిని స్మరింపడట. ఈ మాట కేవలము స్తుతి కాదనుటకు గుహుని వృత్తాంతమే తార్కాణము.

వనవాసమునకు బయలుదేరిన శ్రీరాముడు సీతాలక్ష్మణులతో గంగాతీరమునందలి శృంగిబేరపురము చేరి, ఇంగుదీవృక్షము క్రింద విడిసెను. ఆ ప్రాంతమునకు ప్రభువైన గుహుడు వార్త విని వృద్ధులతోను, మంత్రులతోను, బంధువులతోను కాలినడకన ఎదురువచ్చెను. భక్ష్యభోజ్యములు, శయ్యలు, గుఱ్ఱములకు మేత, సమస్తమును తెప్పించి ముందుంచెను. రాజ్యమును సయితము ఏలుకొమ్మనెను. శ్రీరాముడు అతనిని గాఢముగా కౌగిలించుకొని, నడచివచ్చి స్నేహము చూపుటచేతనే తాము పూజితులమైతిమని పలికెను. కాని తాపసవ్రతము నవలంబించితిని గనుక ఇవి పరిగ్రహింపరాదనియు, గుఱ్ఱముల మేత మాత్రము చాలుననియు చెప్పెను. ఆ గుఱ్ఱములు తన తండ్రియైన దశరథునకు ప్రియమైనవట. వానికి తృప్తి కలిగినచో తాను అర్చింపబడినట్లేయని ఆ ప్రభువు అభిప్రాయము.

ఇచ్చట ఒక సంశయము కలుగవచ్చును. అంత విందు తెచ్చినవానికి గడ్డి మాత్రమే చాలుననుట అవమానము కాదా? గుహుడట్లు తలపలేదు. వెంటనే తన మనుష్యులను పిలిచి గుఱ్ఱములకు నీరును మేతయు త్వరగా నిమ్మని ఆజ్ఞాపించెను. ఇతరులకు మనమేమి ఈయదలచితిమి అన్నది ప్రధానము కాదు. వారికేమి కావలెననునది ప్రధానము. ఆ రాత్రి గడ్డిశయ్యపై సీతారాములు పవళింపగా, గుహుడు ధనుర్ధారియై లక్ష్మణునితోపాటు మేల్కొని కాపుండెను. మఱునాడు జటలకై మఱ్ఱిపాలు తెచ్చియిచ్చి, నావ సిద్ధపఱచి గంగ దాటించెను. ఈ ఉపకారములలో ఏదియు గొప్ప వ్యయముతో కూడినది కాదు. ప్రతిఫలమీయగల స్థితిలో శ్రీరాముడును లేడు. తిరిగి ఉపకరింపజాలని వానికి, దేశకాలము లెఱిగి, ఈయవలసినదని యిచ్చునది సాత్త్విక దానమని గీతాచార్యుడు 17వ అధ్యాయమున బోధించినది ఇట్టిదియే.

ఇక దీని ఫలము చూడుడు. 14 సంవత్సరములు గడచినవి. సీతాపహరణము, వాలివధ, సేతుబంధనము, రావణసంహారము జరిగినవి. శ్రీరాముడు పుష్పకముపై మరలివచ్చి, పంచమినాడు భరద్వాజాశ్రమమున దిగి, హనుమంతుని అయోధ్యకు ముందుగా పంపెను. అప్పుడు మొదట చెప్పిన మాట ఏమి? శృంగిబేరపురమునకు పోయి గుహునకు తన కుశలము తెలుపుమనియు, అతడు తనకు ఆత్మసముడైన సఖుడనియు, ఆ వార్త విని సంతోషించుననియు. భరతునికంటె ముందుగా ఆ శుభవార్త వినినవాడు గుహుడు. ఒక్క రాత్రి చేసిన సేవ అన్ని కష్టముల నడుమను ప్రభువు హృదయమున చెక్కుచెదరక నిలిచినది!

శ్రీవైష్ణవ సంప్రదాయమున అనంతాళ్వాన్ చరిత్రమునందును ఇట్టి కథ యొకటి కలదు. ఆయన తిరుమలనుండి ప్రయాణమై పోవుచు, దారిలో ప్రసాదపు మూట విప్పగా అందు చీమలు కనబడినవట. ఆ కొండపై ఏదో యొక రూపమున ఉండవలెనని కులశేఖరాళ్వారు కోరినారు గదా! ఈ చీమలును అట్టి కోరికతో అచ్చట పుట్టినవేమోయని తలచి, మూటతో వెనుకకు మరలి వానిని తిరుమలపైననే విడిచి వచ్చినారని పెద్దలు చెప్పుదురు. చీమ కృతజ్ఞత తెలుపజాలదు. అయినను ఆ దయ మాత్రము నేటికిని భక్తులను కరగించుచున్నది.

కావున పాఠకమహాశయులు తమకు శక్తి లేదని చింతింపనక్కఱలేదు. మెట్లదారిని ఆయాసపడు వృద్ధురాలికి చేయి అందించుట, వరుసలో ఏడ్చు బిడ్డను ఎత్తుకొని తల్లికి కొంత విశ్రాంతి కల్పించుట, చదువురాని యాత్రికునకు త్రోవ చూపుట, ఇంటివద్ద కూరలమ్మి గంప దించుటకు సాయపడి వైశాఖపుటెండలో చల్లని నీరొసగుట, ఇవన్నియు గుహుని గడ్డివంటివే. చేసినవాడు సాయంకాలమునకు మఱచిపోవలెను. పొందినవాడు గుహుని తలచిన రామునివలె మఱువరాదు. మొదటిది వినయము, రెండవది కృతజ్ఞత. ఈ రెండును కలిసినప్పుడే స్వల్పమైన ఉపకారము శాశ్వతమగును.

తిరుమలకు వచ్చువారు స్వామికి సమర్పించుటకు ఏమి తేవలెనని ఆలోచింతురు. పక్కనున్న యాత్రికుని దప్పిక తీర్చి లోనికి పోవువాడు వట్టిచేతులతో పోయినవాడు కాడు. గుఱ్ఱములకు మేత పెట్టినంతనే తనకు అర్చన జరిగినదని తలచిన ఆ కరుణామూర్తియే శ్రీనివాసుడై అచ్చట నిలిచియున్నాడు.