గింజలకు వేప మందు పెట్టేముందు పట్టుపురుగును తలుచుకోండి

ఈ వారం పాఠం ఇంట్లో నిల్వ పెట్టే గింజల గురించి. పట్టు రైతుకు దీంతో ఏం పని అనుకోవద్దు, కడదాకా చదవండి.

శిడ్లఘట్ట, చింతామణి, హోసూరు వైపు మన ఇళ్లలో రాగులు, కందులు, అనుములు, అలసందలు నిల్వ పెట్టుకుంటాం. రాగి గింజ చిన్నది, దానికి పురుగు అంతగా పట్టదు. బాధంతా పప్పు గింజలదే. పుచ్చు పురుగు చేనులో కాయ మీదే గుడ్డు పెట్టి, గింజతో పాటు ఇంటికి వస్తుంది. ఇంట్లో గింజల మీదే మళ్లీ గుడ్లు పెడుతుంది. గింజ మీద తెల్ల చుక్కలు కనిపిస్తే అవే గుడ్లు. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోయి, సుమారు నెల రోజులకు గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది.

దీనికి మన పెద్దలు వేపాకు, వావిలాకు, వస కొమ్ము వాడేవాళ్లు. కొన్నిచోట్ల పొగాకు కూడా పెట్టేవాళ్లు. అవి పనిచేస్తాయి. ఎట్లా పనిచేస్తాయో తెలుసుకోవాలి. వేపలో ఉండే అజాడిరక్టిన్ పురుగును మేత తిననివ్వదు, కుబుసం విడవనివ్వదు. పొగాకులోని నికోటిన్ పురుగు నరాలను దెబ్బతీస్తుంది.

మన పట్టుపురుగు కూడా పురుగే కదా! నాలుగు జ్వరాలు దాటి, నాలుగుసార్లు కుబుసం విడిస్తేనే గూడు కడుతుంది. "చెట్టు మందే కదా, ఏమీ కాదు" అనే మాట దాని దగ్గర చెల్లదు. షెడ్డులో దోమల బత్తి వెలిగించకూడదని మనందరికీ తెలుసు. ఆ బత్తి మందుకు మూలం కూడా చేమంతి జాతి పువ్వే.

ప్రమాదం ఎక్కువగా గోతాంలో ఉంటుంది. వేపగింజల కషాయంలో ముంచి ఆరబెట్టిన గోతాంలో గింజలు పోయడం మంచి పద్ధతే. కానీ గింజలు అయిపోయాక అదే గోతాన్ని తడిపి మల్బరీ ఆకు మీద కప్పితే, మందు ఆకుకు అంటి పురుగు కడుపులోకి పోతుంది. చాకీ పురుగు అస్సలు తట్టుకోదు.

అందుకే మన ఇళ్లకు ఈ పద్ధతులు సరిపోతాయి:

1. ఎండ: గింజను కొరికితే కటుక్కుమనాలి. అంతవరకు ఎండబెట్టి, పూర్తిగా చల్లారాకే మూట కట్టండి. వేడి మీద కడితే లోపల చెమ్మ పడుతుంది.

2. నూనె: తినే పప్పు గింజలకు కిలోకు 5 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె లేదా ఆముదం పట్టించండి. క్వింటాలుకు అర లీటరు చాలు. నూనె పొరతో గుడ్డుకు గాలి ఆడదు. గింజలోకి దూరిన పురుగు మీద ఇది అంతగా పనిచేయదు కాబట్టి ఎండబెట్టిన వెంటనే పట్టించాలి.

3. ఎర్రమన్ను: కందులకు తడి ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. షెడ్డుకు దీనితో భయం లేదు.

4. వస పొడి: విత్తనానికి మాత్రమే, కిలోకు 10 గ్రాములు. షెడ్డుకు దూరంగా వేరే గదిలో కలపండి. చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకున్నాకే ఆకు ముట్టుకోండి.

మందు తగిలిన గోతానికి రంగుతో గుర్తు పెట్టండి. అది ఆకు దగ్గరికి రాకూడదు. గింజ మూటలు షెడ్డు మూలలో పెట్టొద్దు. పొగాకు ముట్టుకున్న చేత్తో మేత వేయొద్దు.

పురుగులు తల పైకెత్తి ఊగుతూ, నోటి నుంచి రసం కక్కుతుంటే విషం తగిలిందని అనుమానించండి. ఆ ఆకు వెంటనే తీసేసి, కిటికీలు తెరిచి, వేరే తోట ఆకు వేయండి.

గోదాముల్లో వాడే గ్యాస్ మాత్రలు ఇంట్లో అసలే వద్దు. అవి మనుషుల ప్రాణాలే తీస్తాయి.

కందులు పుచ్చితే ఒక మూట పోతుంది. మందు ఆకుకు తగిలితే పంటంతా పోతుంది. ఈ రోజే మీ గోతాలు ఒకసారి చూసుకోండి. మీ ఊళ్లో వేరే పద్ధతి ఉంటే గ్రూపులో చెప్పండి, అందరికీ పనికొస్తుంది.