పెద్ద అక్షరము, తల అక్షరము

హైదరాబాదులోని కృష్ణానగర్ సినిమావారుండు పేట. అచ్చటి గోడప్రకటనలలో ఒకే పేరు తెలుగులోను ఇంగ్లీషులోను కనబడును. ఇంగ్లీషు పేరు తరచుగా ఆసాంతము పెద్ద అక్షరములలో నుండును. తెలుగు పేరును ఎంత లావుగా వ్రాసినను, అవి మనము పలక మీద దిద్దిన అక్షరములే. పెద్దబడి, చిన్నబడి అను రెండు వరుసలు మన లిపిలో లేవు.

ఇంగ్లీషువారు ఆ పెద్ద అక్షరమును క్యాపిటల్ అందురు. లాటినులో కాపుత్ అనగా తల. పుటకో వాక్యమునకో తలయందు నిలుచునది గనుక ఆ పేరు. (మన హల్లులలో చాలవాటికి తలకట్టున్నది, వారు తలను కొన్నిటికే ఇచ్చిరి!) అచ్చుకూర్పువారు వీటిని పైపెట్టెలో ఉంచుకొనుటచేత అప్పర్ కేస్ అను పేరును వచ్చెను.

ఇంకొక పాతపేరు ఉన్షియల్. లాటినులో ఉన్షియా అనగా పండ్రెండవ భాగము. ఇంచి, ఔన్సు అను మాటలు దానినుండి పుట్టినవే. బైబిలును లాటినులోనికి మార్చిన యెరోము, యోబు గ్రంథమునకు వ్రాసిన పీఠికలో, ఊదారంగు తోలుమీద బంగారు వెండి సిరాలతో ఇట్టి పెద్ద అక్షరములు వ్రాయించుకొను ధనికులను ఎత్తిపొడిచెను. తనకు అందముకంటె తప్పులులేని ప్రతి కావలెననెను. ఆయన మాట మన అచ్చుపనికిని తగును.

నాలుగవ శతాబ్దపు సీనాయి ప్రతి అంతయు పెద్ద అక్షరములే, మాటల నడుమ ఎడములేదు. ఈ ప్రతిలో అధికభాగమును 1933లో బ్రిటిషు మ్యూజియము లక్ష పౌనులకు కొనెను. అందులో దేవుడు, ప్రభువు, యేసు, ఆత్మ వంటి మాటలను కుదించి పైన గీత గీసిరి. గౌరవము అక్షరపు పరిమాణములో లేదు, ఆ గీతలో నున్నది.

పాతనిబంధనలో నాలుగు హెబ్రీ అక్షరముల దైవనామము 6,800 సార్లకు పైగా వచ్చును. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు దానిని ప్రభువు అను మాటగానే పెట్టి, పెద్ద అక్షరములతో గురుతు చూపెను. 8వ కీర్తన మొదటి వచనము తెరవుడి. ఇంగ్లీషులో ఒకే మాట రెండుసార్లు వినబడును. భేదము కంటికేగాని చెవికి లేదు. మన బైబిలులో యెహోవా ఒకటి, ప్రభువు ఒకటి. చదువురాని అవ్వకూడ విని తెలిసికొనును. 1805లో విశాఖపట్టణము చేరి సువార్తల అనువాదమునకు పూనుకొన్న క్రాన్, డెస్‌గ్రాంజెసు దొరలకును, వారికి తోడ్పడిన ఆనందరాయరుకును పెద్ద అక్షరమను సాధనము లేదు. తెలుగులో మన్నన చూపుటకు వాడు, అతడు, ఆయన అను మాటలే మెట్లు.

అయితే యోహాను 4:24 చూడుడి. ఆరాధన ఆత్మతో అనుచోట, ఒక పేరుగల ఇంగ్లీషు అనువాదము 1984లో చిన్న అక్షరము పెట్టి, 2011లో పెద్ద అక్షరము పెట్టెను. మనుష్యుని ఆత్మయా, పరిశుద్ధాత్మయా? గ్రీకు పాతప్రతులలో ఆ అక్షరభేదమే లేదు. మన తెలుగులో ఆత్మ అనియే యున్నది. ఏ ఆత్మయో చుట్టునున్న వచనములు చదివి మనమే విచారింపవలసియున్నది.